అందరూ ఒకేసారి

మెట్టకూరు శ్రీరామచంద్రమూర్తిగారికి ఒకరి తర్వాత ఒకరుగా జరిగే పని ఏదైనా ఒంటికి పడదు. లోకంలో ఏ పనైనా అందరూ ఒకేసారి మొదలుపెట్టాలి, అందరూ ఒకేసారి ముగించాలి. పుట్టేటప్పుడు మాత్రం ఒక్కరే ఎలా పుట్టారో, అప్పుడెంత ఇబ్బంది పడ్డారో చెప్పగలిగినవాళ్ళు యానాంలో ఎవరూ మిగల్లేదు.

నమ్మనివాళ్ళు వెంకన్న టీకొట్టుకు వెళ్ళి కనుక్కోవచ్చు. మూర్తిగారు ముగ్గురితో వెళితే నాలుగు గ్లాసులూ ఒకేసారి బల్ల మీద వాలాలి. మూడు వచ్చి నాలుగోది ఆలస్యమైతే ఆ మూడూ చల్లారాల్సిందే, ఎవరూ ముట్టడానికి వీల్లేదు. ఒకరోజు వెంకన్న విసిగిపోయాడు.

"ఏవండీ మూర్తిగారూ, నాకున్నవి రెండు చేతులేనండి."

"అది నీలో లోపం వెంకన్నా. టీ ఏం చేసింది పాపం?"

మొన్న ఎన్నికల్లో లైనులో నిలబడమన్నందుకు పోలింగు ఆఫీసరుతో అరగంట వాదించిన మాట కూడా నిజమే. "ఇంతమందిమి ఉన్నాం. అందరం ఒకేసారి నొక్కేస్తే పది నిమిషాల్లో ఇళ్ళకి పోతాం కదండీ" అన్నారట. ఆ ఆఫీసరు పుదుచ్చేరి నుంచి వచ్చినవాడు, తెలుగు అంతంతమాత్రం. అందుకని బతికిపోయాడు.

ఇక ఇంట్లో ఆయన భార్య సరోజినిగారు కంచం ముందు కూర్చుంటే తప్ప ఆయన ముద్ద ముట్టరు. "పెళ్ళైన దగ్గర్నుంచి ఈయనకి ముందు తిని ఎరగను, వెనక తిని ఎరగను. వేడి అట్టు ఎలా ఉంటుందో మర్చిపోయాం ఇద్దరం" అంటుందావిడ. అట్లన్నీ పోయడం అయ్యాకే కదా ఆవిడ కూర్చునేది.

ఇలాంటి మనిషి పాటలు రికార్డు చేసే స్టూడియో పెట్టారు.

అంతకుముందు పాతికేళ్ళు మైకుసెట్టు అద్దెకిచ్చారు. పెళ్ళి, తీర్థం, సువార్త కూటం, ఏది జరిగినా కొబ్బరిచెట్టుకు కట్టిన ఆ గొట్టం మైకులు మూర్తిగారివే. ఆయన మైకులో ఎవరైనా దగ్గితే గోదావరి అవతల ఎదుర్లంకలో కోడిపుంజులు లేచి నిలబడేవి. తర్వాత డీజేలొచ్చాయి. మైకులు అటకెక్కాయి. మూర్తిగారు వెనక పడకగదిలో మంచం తీసేసి, గోడలకి కోడిగుడ్ల అట్టలు కొట్టి, సరోజినిగారి బొంతలన్నీ కిటికీలకు వేలాడదీసి, తలుపుకి కొబ్బరిపీచు పరుపు కట్టి బోర్డు పెట్టేశారు. శబ్దం వస్తుందని ఫ్యాను ఉండదు. మే నెలలో ఆ గదిలో పాట పాడిన మనిషి బయటికొచ్చి తన చొక్కా తానే గుర్తుపట్టలేడు. ఆంధ్రా నుంచి జనం యానాం ఎందుకు వస్తారో అందరికీ తెలుసు. మూర్తిగారి స్టూడియో నుంచి బయటికొచ్చినవాళ్ళు కూడా అలాగే తూలుతూ నడిచేవారు, చుక్క ముట్టకుండా.

మిగతా లోకంలో ఇప్పుడు రికార్డింగంటే వేరు. డోలక్ ఆయన సోమవారం వచ్చి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని తన వంతు వాయించి పోతాడు. కీబోర్డు ఆయన బుధవారం. పాడే ఆవిడ ఎప్పుడో శనివారం. ఎవరు తప్పు చేస్తే వాళ్ళ ముక్క ఒక్కటీ మళ్ళీ తీసి కంప్యూటర్లో అతికిస్తారు. మూర్తిగారి దగ్గర ఆ ఆటలు సాగవు. ఒకే గది, ఐదు మైకులు, అందరూ ఒకేసారి. ఒకరి మైకులో ఇంకొకరి శబ్దం పడుతూనే ఉంటుంది కాబట్టి ఒక్కరు తప్పు చేస్తే మొత్తం మొదటికొస్తుంది.

"అదేంటండీ, ఊరంతా విడివిడిగా చేసుకుంటుంటే" అని ఎవరైనా అడిగితే ఆయన దగ్గర సమాధానం సిద్ధం.

"గాలి కలవాలి. ఒకరు వదిలిన గాలి ఇంకొకరు పీల్చాలి. విడివిడిగా వాయించి అతికిస్తే అది పాట కాదు, పంక్చరు."

పైగా చెప్పులిప్పి, గది మధ్యలో పరిచిన పాత నావ చెక్క మీదే అందరూ ఉండాలి. గోదావరి నీళ్ళు తాగిన చెక్కట, దాని మీద వాయిస్తే పాటకి బరువొస్తుందట. హెడ్‌ఫోన్లు నిషేధం. వన్ టూ త్రీ అని లెక్క పెట్టడం కూడా లేదు. ఆయన ఒక ఎర్ర తువ్వాలు పైకెత్తి కిందికి దించుతారు, అంతే, మొదలు. పాట అయ్యేదాకా ఆ తువ్వాలు తాళానికి తగ్గట్టు ఊగుతూనే ఉంటుంది. రైలే రాని ఊళ్ళో జెండా ఊపే గార్డు ఆయనొక్కడే.

ఒకసారి ఏదో భజన పాటకి అరవై మూడో టేకులో డోలక్ లక్ష్మణరావు తుమ్మాడు. అరవై నాలుగో టేకులో సరిగ్గా ఆ చోటికి రాగానే మళ్ళీ తుమ్ముతాడేమోనని అందరూ ఆగిపోయారు, ఒక్క లక్ష్మణరావు తప్ప. డెబ్భయ్యో టేకుకి ఒక గాయకుడికి గడ్డం పెరిగిందంటారు. అది కొంచెం ఎక్కువ చేసి చెప్పడం. మీసమే పెరిగింది.

ఎస్తేర్‌రాణికి ఈ సంగతులన్నీ తెలుసు. తెలిసే ఆ శుక్రవారం పొద్దున పదింటికి మూర్తిగారి గుమ్మంలో చెప్పులు విడిచింది. ఎందుకంటే వేరే దారి లేదు.

ఆమె అగ్రహారం బడిలో టీచరు. పన్నెండేళ్ళుగా ఒక పాట రాసి నోటుబుక్కులో దాచుకుంది. రాత్రంతా వల వేసి ఖాళీ పడవతో తిరిగొచ్చిన జాలరిని, మళ్ళీ వేయమని ప్రభువు చెప్పే ఘట్టం. ఆదివారం వాళ్ళ చర్చికి డెబ్భయ్యైదేళ్ళ పండుగ. ఆరోజు ఊరేగింపులో ఒక కొత్త పాట మోగుతుంది. సంఘ కార్యదర్శి స్టీఫెన్‌గారు తన అల్లుడి పాటని కాకినాడ స్టూడియోలో చేయించి ఫోనులో పెట్టుకు తిరుగుతున్నారు. ఎస్తేర్‌రాణి అడగ్గా అడగ్గా ఒక మాటన్నారు: "శుక్రవారం సాయంత్రం ఆరు లోపు నీది పంపు టీచరమ్మా. పెద్దలం విని రెండిట్లో ఏదో తేలుస్తాం. ఆరు దాటితే మాత్రం అల్లుడిదే." కాకినాడ స్టూడియో ఆమె జీతానికి అందేది కాదు. ఉన్నది మూర్తిగారే.

"మూర్తి బాబాయ్‌గారూ, ఒక్క మాటండి. ఇయ్యాళ ఒక్కరోజుకీ ఒక్కొక్కరిని తీసేద్దామండి. తొందరగా అయిపోద్ది."

"తొందరగా అయ్యేది ఇడ్లీ అమ్మాయ్. ఎక్కు చెక్క."

చెక్క మీద అప్పటికే లక్ష్మణరావు డోలక్‌తో, బ్యాంకులో పనిచేసే ఆనంద్ కీబోర్డుతో, పౌలు వయొలిన్‌తో ఉన్నారు. పౌలుదీ మూర్తిగారిదీ చిన్నప్పుడు ఒకే బడి, ఒకే బెంచీ. ఇప్పుడు ఇద్దరికీ అరవై దాటాయి. వయొలిన్‌ని దొరల పద్ధతిలో గడ్డం కింద నొక్కిపెట్టి, కళ్ళు పెద్దవి చేసి ఎదుటివాళ్ళ చేతులకేసే చూస్తూ వాయిస్తాడు. వెనకనుంచి ఎవరైనా పలకరిస్తే తిరిగి చూడడు. పెద్ద కళాకారుడు కదా, పొగరు కాబోలు అనుకునేది ఎస్తేర్‌రాణి. మాట్లాడితే మాత్రం ఆయన గుసగుస ఊరి చివర అడవిపొలం దాకా వినిపిస్తుంది.

మొదటి టేకు కుక్కరు విజిల్‌కి పోయింది. రెండోది ఆనంద్ ఫోనుకి.

"సైలెంట్‌లో పెట్టానండి. అది మోగలేదండి, వణికింది."

"చెక్క మీదెందుకు పెట్టావయ్యా? చెక్కకి చెవులుంటాయి."

మూడోది సగంలో ఉండగా వీధిలోంచి పాపాయమ్మ గొంతు దూసుకొచ్చింది. పరుపు, బొంతలు, కోడిగుడ్ల అట్టలు, ఏవీ ఆపలేని గొంతు అది. "పండుగొప్పలమ్మా... రొయ్యలూ..." పాపాయమ్మ చేపల తట్టతో రోజుకి రెండు తడవలు ఆ వీధికి వస్తుంది. మూర్తిగారు తువ్వాలు కింద పడేశారు. అంటే ఆపమని. అందరూ ఆగారు. పౌలు మాత్రం నేల మీది తువ్వాలు కంటపడే వరకూ వాయిస్తూనే ఉన్నాడు.

నాలుగు, ఐదు, ఆరు. ఏడో టేకులో ఎస్తేర్‌రాణే రెండో చరణం బదులు మూడోది ఎత్తుకుంది. మధ్యాహ్నం సరోజినిగారు భోజనానికి పిలిచింది. ఆరు కంచాలూ ఒకేసారి వడ్డించి, ఆరుగురూ ఒకేసారి తిని లేచేసరికి మూడైంది. తర్వాత గంటసేపు కరెంటు లేదు. చీకట్లో చెమటలు కక్కుతూ ఎస్తేర్‌రాణి గోడకానుకుని కూర్చుంది. పన్నెండేళ్ళు నోటుబుక్కులో ఉన్న పాట ఇంకో పన్నెండేళ్ళు అక్కడే ఉండేలా కనిపించింది.

నాలుగున్నరకి కరెంటొచ్చింది, మైకు వైరు తెగింది.

"బీరువాలో ఇంకోటుంటుంది, తేమ్మా" అని సరోజినిగారు వంటింట్లోంచే చెప్పింది. ఎస్తేర్‌రాణి వెళ్ళి బీరువా తెరిచింది. పట్టుచీరల వెనక వైరు కోసం చెయ్యి పెడితే ఒక పెట్టె తగిలింది. లాగి చూసింది. ఎనిమిది మైకుల్ని ఎనిమిది విడివిడి దారుల్లో కంప్యూటర్లోకి పంపే రికార్డింగు పెట్టె. దాని పక్కనే నాలుగు హెడ్‌ఫోన్లు. ప్లాస్టిక్ కవరు కూడా పూర్తిగా విప్పలేదు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఈయనకి సామాను లేదనుకుంది, చేతకాదనుకుంది, పాపం అనుకుంది. అన్నీ బీరువాలో పెట్టుకుని పొద్దుట్నుంచీ తన పాటని ఉడకబెడుతున్నాడన్నమాట. పెట్టె చంకన పెట్టుకుని వంటింట్లోకి వచ్చింది. మూర్తిగారు అక్కడే మంచినీళ్ళు తాగుతున్నారు.

"ఏంటండి బాబాయ్‌గారూ ఇది?"

మూర్తిగారు ఆ పెట్టెకేసి, భార్యకేసి చూశారు. "పంపడానికి నీకు ఆ బీరువాయే దొరికిందా?" అన్నారు.

"నాలుగేళ్ళు దాచాను. ఇంక నా పట్టుచీరలకి చోటు కావాలి" అంది సరోజినిగారు, ఏమాత్రం పశ్చాత్తాపం లేకుండా. "చెప్పండి మరి. ఆ పిల్ల పాట పోతోందక్కడ."

ఆయన గ్లాసు కింద పెట్టారు. గది తలుపుకేసి ఒకసారి చూసి, గొంతు తగ్గించారు. తగ్గించక్కర్లేదని తర్వాత గుర్తొచ్చినట్టుంది, మామూలుగానే చెప్పారు.

"పౌలుగాడికి వినపడదు అమ్మాయ్."

ఎస్తేర్‌రాణి చంకలోని పెట్టె కాస్త జారింది.

"అంతా పోలేదు. కొంచెం ఉంది. వయొలిన్ గడ్డానికి నొక్కుకుంటాడు చూడు, వాడిది వాడికి ఎముకలోంచి వినపడతాది. మిగతావాళ్ళది అరికాళ్ళతో వింటాడు. లక్ష్మణరావు డోలక్ చెక్క మీద అదురుతాది కదా, అదీ. మిగిలింది కళ్ళతో. చేతులు చూస్తాడు, తువ్వాలు చూస్తాడు. ఆ పెట్టె కొన్నరోజు వాడికి హెడ్‌ఫోన్లు పెట్టి ఒక్కణ్ణే కూర్చోబెట్టాను. కమాను పట్టుకుని అలా ఉండిపోయాడు. కాసేపటికి తీసేసి, 'వైరు పోయినట్టుందిరా బావా' అన్నాడు. వైరు బాగానే ఉంది. వారం రోజులు ఇటు రాలేదు."

"తర్వాత?"

"తర్వాతేముంది. పెట్టె బీరువాలో పెట్టి, నేను వెళ్ళి చెప్పాను. ఒరేయ్, గాలి కలవాలంట, ఇప్పుడు పెద్ద పెద్దవాళ్ళంతా ఒకేసారి చేస్తున్నారంట, నువ్వు లేకపోతే కుదర్దు, రా అని."

ఎస్తేర్‌రాణి కళ్ళముందు చెక్క, చెప్పులు, తువ్వాలు, అన్నీ ఒక్కొక్కటిగా లేచి తమ తమ చోట్లలో కూర్చున్నాయి.

"పాతికేళ్ళు నా మైకుల కిందే నిలబెట్టాను వాణ్ణి" అన్నారు మూర్తిగారు. "పందిట్లో వాయించేవాళ్ళకి చోటెక్కడుంటాది, బాక్సుల పక్కనేగా. ఆ చెవులు తిన్నది నేనే. అలాగని వాడేదో పెద్ద విద్వాంసుడని కాదులే. అలవాటైపోయాడు." తర్వాత గోడగడియారం చూశారు. అయిదుకి పది నిమిషాలు తక్కువ. "ఇది నీ పాట. నాలుగేళ్ళు నా ఇష్టం, ఇయ్యాళ నీ ఇష్టం. ఊఁ అను, ఆ పెట్టె తగిలిస్తాను. మిగతా ముగ్గురివీ గంటలో అయిపోతాయి. వయొలిన్ లేకపోయినా పాట పాటే. పౌలుకి నేను చెప్పుకుంటాను."

సరోజినిగారు స్టవ్వు ఆపింది. ఎస్తేర్‌రాణి పెట్టెకేసి చూసింది. అందులో తన పాట ఉంది, శుభ్రంగా, వేళకి. ఆదివారం ఊరేగింపులో, అందరి నోళ్ళలో. తలుపు సందులోంచి చెక్క మీద పౌలు కనపడుతున్నాడు. కూర్చుని వయొలిన్ కమానుకి రోజిన్ బిళ్ళ రుద్దుతున్నాడు, ఇంకా వంద టేకులున్నా తయారే అన్నట్టు.

ఆమె పెట్టెని సరోజినిగారి చేతిలో పెట్టింది.

"పట్టుచీరలకి ఇంకో బీరువా కొనండి పిన్నిగారూ" అంది. తర్వాత మూర్తిగారి భుజం మీది ఎర్ర తువ్వాలు లాక్కుని గదిలోకి నడిచింది. పొద్దుట్నుంచీ గోడవైపు తిరిగి పాడింది, ఈసారి పౌలుకి సరిగ్గా ఎదురుగా వెళ్ళి నిలబడింది. తన పెదాలు ఆయనకి కనపడేట్టు.

"లక్ష్మణరావుగారూ, కాలు కూడా గట్టిగా వెయ్యండి. అందరూ ఒకేసారండి."

తెగిన మైకు వైరు అతికించి, అన్నీ సరిచూసేసరికి అయిదున్నర దాటింది. తువ్వాలు మళ్ళీ మూర్తిగారి చేతికొచ్చింది. లేచింది, దిగింది.

ఆ టేకు సంగతి లక్ష్మణరావు ఇప్పటికీ చెబుతుంటాడు. డోలక్ మొదటి దెబ్బకే చెక్క లేచి నీళ్ళ మీద పడ్డట్టయిందట. మొదటి చరణం దాటింది. ఎవరూ తుమ్మలేదు. రెండో చరణం దాటింది. కుక్కరు నోరు మూసుకుంది. ఎస్తేర్‌రాణి ఆఖరి చరణం ఎత్తుకుంది.

"మళ్ళీ వెయ్యమన్నావు, నీ మాట మీద వేస్తున్నా..."

అక్కడ ఆమె ఆగాలి, వయొలిన్ ఒక్కటే రావాలి. ఆమె ఆగింది. సరిగ్గా ఆ ఖాళీలోకి, సాయంత్రం మిగిలిన సరుకు అమ్ముకుంటూ, పాపాయమ్మ వచ్చింది.

"పండుగొప్పలమ్మా... రొయ్యలూ..."

ఆనంద్ వేళ్ళు కీబోర్డు మెట్ల మీద గడ్డకట్టాయి. లక్ష్మణరావు చెయ్యి గాల్లో ఆగింది. మూర్తిగారి తువ్వాలు సగంలో వణికింది. ఆరుకి పద్దెనిమిది నిమిషాలుంది. అంతా పోయింది.

పౌలుకి ఒక్కడికే పాపాయమ్మ వినపడలేదు. తువ్వాలు కింద పడలేదు కాబట్టి ఆగాలని ఆయనకి తెలీదు. ఆయన కమాను తన దారిన తాను వెళ్ళింది, పడవ ఒడ్డు దాటినట్టు. ఆగే ఉద్దేశమేమీ లేదు దానికి. ఎస్తేర్‌రాణి ఆయన మొహం చూసి మళ్ళీ ఎత్తుకుంది. ఆనంద్ వేళ్ళు కదిలాయి, డోలక్ పరుగెత్తుకొచ్చి కలిసింది, తువ్వాలు ఊగింది. పాట చివరికంటా వెళ్ళి ఆగింది.

అందరూ పౌలుకేసి చూశారు. "ఏంటి, బాగా రాలేదా?" అన్నాడు పౌలు, వీధిలో పాపాయమ్మ కూడా ఆగి చూసేలా.

పాటని ఫోనుకి ఎక్కించి పంపడానికే పావుగంట కావాలి, ఇంకో టేకుకి వేళ లేదు. ఆరుకి రెండు నిమిషాలుండగా చేపలతో సహా పాట స్టీఫెన్‌గారి ఫోనుకి చేరింది.

ఆ సాయంత్రం పెద్దలందరూ కూర్చుని విన్నారు. ఆఖరి చరణంలో, నీ మాట మీద వల వేస్తున్నా అన్న వెంటనే పండుగొప్పలూ రొయ్యలూ వచ్చేసరికి పాస్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "వల నిండింది. వల నిండిందండీ. ఎంత ఆలోచన ఎంత ఆలోచన" అన్నారు. స్టీఫెన్‌గారు అల్లుడి పాటలో ఒక్క చేప కూడా లేనందుకు మొదటిసారి విచారించారు. ఆదివారం ఊరేగింపులో ఆ చోటు రాగానే పిల్లలంతా పాపాయమ్మతో గొంతు కలిపారు. పాపాయమ్మ తట్ట దించి, తన గొంతు తానే విని, "నాకొక్క మాట చెప్తే కొత్త చీర కట్టుకొచ్చి అరిచేదాన్ని కదా" అంది. ఆ ఆలోచన తనదేనని మూర్తిగారు చెప్పుకు తిరిగారు.

ఊరేగింపు అయ్యాక చర్చి ఆవరణలో భోజనాలకి బల్లలు వేస్తున్నారు. పౌలు ఎస్తేర్‌రాణిని చెట్టునీడకి లాక్కెళ్ళాడు. అటూ ఇటూ చూసి, చెవి దగ్గర నోరు పెట్టి, తన గుసగుసలో చెప్పాడు.

"అమ్మాయ్, ఒక రహస్యం. ఎవరికీ చెప్పకు. మూర్తిగాడికి విడివిడిగా రికార్డు చెయ్యడం రాదు. నాలుగేళ్ళ కిందట ఏదో పెట్టె కొన్నాడు. నాకు హెడ్‌ఫోన్లు తగిలించాడు, ఒక్క ముక్క వినపడితే ఒట్టు. వైర్లు పెట్టడం చేతకాలేదు పాపం. సిగ్గుపడి పెట్టె దాచేసి, గాలి కలవాలీ, చెక్క మీద నిలబడాలీ అని కథలు చెప్తున్నాడు. నేనూ నమ్మినట్టు ఊరుకున్నాను. మోకాళ్ళు పీకుతున్నా మానకుండా ఎందుకొస్తున్నాననుకున్నావ్? నేను మానేస్తే నలుగురికీ తెలిసిపోద్ది. చిన్నప్పటి స్నేహితుడు, పోనీలే."

ఆ రహస్యం చర్చి ఆవరణలో రెండొందల మందికి, గోడ అవతల సైకిలు మీద పోతున్న ఇద్దరికి స్పష్టంగా వినపడింది. పది అడుగుల దూరంలో మూర్తిగారు మైకు వైరు చుడుతున్నారు. చుట్టిందే మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టడం మొదలుపెట్టారు. ఆనంద్ నేలకేసి చూశాడు. లక్ష్మణరావుకి ఆ క్షణాన తుమ్ము రావాల్సింది, రాలేదు.

"చెప్పనులెండి" అంది ఎస్తేర్‌రాణి, పెదాలు ఆయనకి బాగా కనపడేట్టు.

బల్లల దగ్గర వడ్డన మొదలైంది. ముందు వచ్చినవాళ్ళకి ముందు బిర్యానీ పెట్టబోతున్నాడు వంటవాడు. ఎస్తేర్‌రాణి వెళ్ళి మూర్తిగారి భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి, తల మీదికెత్తి పట్టుకుంది. గరిటెలు ఆగాయి. ఆఖరి విస్తరి నిండేదాకా రెండొందల మంది, ఆకలితో, బిర్యానీ వాసన పీలుస్తూ, గాల్లో ఉన్న ఆ తువ్వాలుకేసే చూస్తూ కూర్చున్నారు.

అప్పుడు దించింది.